హంసల ప్రతిబింబంలో ఏనుగులు రావట్లేదంటే

నీటిలో హంసల ప్రతిబింబాలు ఏనుగుల్లా కనిపించే డాలీ బొమ్మని చూసి గీశాను, ఏనుగులు రావట్లేదు అని అడిగారు కదా. మీరు హంసల్ని మాత్రమే గీశారు, వెనక చెట్లు లేవు, అందుకే నీటిలో ఏనుగులు కనబడట్లేదు. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1937లో వేసిన ఆ బొమ్మలో హంస మెడ కిందికి తిరిగి తొండమవుతుంది, రెక్కలు చెవులవుతాయి, ఇంతవరకు అందరూ పట్టుకుంటారు. కానీ ఏనుగు కాళ్లు వచ్చేది హంసల వెనకున్న ఎండు చెట్ల మొదళ్ల నుంచి. చాలామంది వదిలేసేది ఇదే.

1. అడ్డంగా నీటి గీత గీయండి.
2. ముందు ఏనుగుని గీత కింద మామూలుగా, నిటారుగానే వేయండి, తలకిందులుగా వద్దు.
3. ఆ ఏనుగుని ట్రేసింగ్ పేపర్‌తో నీటి గీతకి పైవైపు తలకిందులుగా తిప్పి వేయండి. కాళ్లని చెట్లుగా, తొండాన్ని మెడగా మార్చండి.
4. తొండం చివర, హంస తల గీతకి సమాన దూరంలో ఉన్నాయా, స్కేలుతో కొలవండి.