అనాటమీ అర్థం కావట్లేదు, డిసెక్షన్ హాల్లో కళ్లు తిరుగుతున్నాయి, ఎంబీబీఎస్ మానేయాలా?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది: ఇంటర్ దాకా తెలుగు మీడియం, చెన్నైలో సీటు వచ్చింది, చేరి ఆరు వారాలైంది, అనాటమీ, అంటే శరీర నిర్మాణం లెక్చర్లో ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు, శవాన్ని పొరపొరగా విడదీసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడబోయారు, వచ్చే వారం ఆక్సిల్లా, అంటే చంక భాగం మొదలుపెడతారట, ఈ చదువు మీకు సరిపడదేమో, వెనక్కి వెళ్లిపోవాలా అని అడుగుతున్నారు.

మానేయొద్దు. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది రాస్తాను. మాది కావలి దగ్గర ఊరు, నేనూ ఇంటర్ దాకా తెలుగు మీడియమే, ఎంబీబీఎస్ చెన్నైలోనే చేశాను, ఇప్పుడు ఇక్కడే సర్జరీలో పని చేస్తున్నాను. మొదటి మూడు నెలలు నేను పడ్డ టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉందమ్మా అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేదాన్ని.

కళ్లు తిరగడం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది తేలిగ్గా పోయేది. అది పిరికితనం కాదు. భయం, ఉక్క, శవం పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటు, ఖాళీ కడుపు, కదలకుండా ఒకేచోట నిలబడటం, ఇవన్నీ కలిస్తే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి, రక్తం కాళ్లలోనే నిలిచిపోయి మెదడుకి చాలినంత అందదు. జరిగేది అంతే. మొదటి రోజు నేను టిఫిన్ చేయకుండా వెళ్లాను, తింటే వాంతి అవుతుందని ఎవరో సీనియర్ చెప్పారు కాబట్టి. అరగంట గడిచిందో లేదో చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి. హాల్లో పని చేసే అటెండర్ అన్న నన్ను వరండాలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి అడిగిన మొదటి మాట "సాప్టియా?". తిన్నావా అని. లేదని తల ఊపితే తన క్యారియర్లోంచి రెండు ఇడ్లీలు తీసి పెట్టాడు. అప్పటికి నాకు తమిళంలో వచ్చిన మాటలే నాలుగైదు, వాటిలో ఇది ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి కడుపు నిండా తిని వెళ్లండి. మోకాళ్లు బిగబట్టి నిలబడకండి, మడమలు ఎత్తుతూ దించుతూ ఉండండి, పిక్కలు కదిలితే రక్తం పైకి వెళ్తుంది. తల తిరుగుతున్నట్టు అనిపించిన వెంటనే సిగ్గుపడకుండా కింద కూర్చుని తల మోకాళ్ల మధ్య పెట్టుకోండి. కిటికీ పక్క టేబుల్ దగ్గర చోటు చూసుకోండి, కాంటాక్ట్ లెన్సులుంటే హాల్లోకి వద్దు, మామూలు సర్జికల్ మాస్క్ ఫార్మలిన్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువును ఆపలేదని గుర్తుపెట్టుకోండి. ఫార్మాల్డిహైడ్‌ను 2004లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు, అందుకే గ్లవ్స్ లేకుండా ముట్టుకోవడం, మొహం దగ్గరగా పెట్టి చూడటం గొప్పతనం అనుకునే వాళ్ల మాట వినకండి.

ఇక లెక్చర్. అసలు కష్టం ఇంగ్లీషు అని మీరు అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకున్నాను, కానీ నా అనుభవంలో సగం కష్టం వరసలో ఉంది. చూడని వస్తువు గురించి గంటసేపు ఎవరు చెప్పినా, ఏ భాషలో చెప్పినా, చెవిలో నిలవదు. బ్రేకియల్ ప్లెక్సస్, అంటే చేతికి వెళ్లే నరాల అల్లిక, ఆ క్లాసు నాకు బాగా గుర్తు. మేడమ్ బోర్డు మీద ఐదు రంగుల సుద్దముక్కలతో చెట్టు గీశారు, మెడలో సీ5 నుంచి టీ1 దాకా ఐదు నరాల వేర్లు, అవి కలిసి మూడు మొదళ్లు, చీలికలు, మళ్లీ కలిసి మూడు తాళ్లు, వాటి నుంచి కొమ్మలు. అందంగా నోట్సులో దించుకున్నాను. మర్నాడు హాల్లో చంక తెరిచి చూస్తే ఆ చెట్టు ఎక్కడా కనపడలేదు. బొమ్మల్లో ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుపుపచ్చగా ఉంటాయి కదా, టేబుల్ మీద అన్నీ ఒకటే మట్టిరంగు, వాటి మధ్య గడ్డకట్టిన నెయ్యిలా కొవ్వు.

అక్కడ కళ్లకంటే వేళ్లే ఎక్కువ పనికొస్తాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా దొర్లించి చూడండి. ధమని రబ్బరు గొట్టంలా నొక్కితే అణిగి మళ్లీ పొంగుతుంది. సిర గోడ పలచన, తడిసిన కాగితంలా నలిగిపోతుంది, లోపల నల్లగా గడ్డకట్టిన రక్తం తగలొచ్చు. నరం గొట్టం కాదు, నిండుగా పురికొసలా ఉంటుంది, నొక్కినా అణగదు. ఈ మూడు తేడాలు నా వేళ్లకి తెలిసిన రోజు సాయంత్రం నోట్సు తీస్తే, అదే చెట్టు, ఈసారి ప్రతి కొమ్మా ఎక్కడుందో తెలుస్తోంది. అప్పటి నుంచి వరస తిప్పేశాను. ముందురోజు రాత్రి డిసెక్షన్ మాన్యువల్లో రెండు పేజీలు, అట్లాస్‌లో ఆ బొమ్మ ఒక్కటి, ఆ మర్నాడు ఇరవై నిమిషాలు ముందే హాలుకి వెళ్లి నిన్నటి భాగం వేళ్లతో తడుముకోవడం, ఆ తర్వాతే క్లాసు. లెక్చర్లో అప్పుడు నాకు తెలిసిన ఊరి గురించి చెబుతున్నట్టే ఉండేది. లెక్చర్లకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఎలాగూ తప్పదు, ఆ గంటల్ని వృథా పోనివ్వకుండా చేసేది ఈ ముందు చూపే.

నా చేతిలో జరిగిన ఒక తప్పు చెప్పాలి, ఎందుకంటే మీరు వెళ్లబోయేది సరిగ్గా అక్కడికే. చంకలో కొవ్వు తీస్తున్నాం. పక్క టేబుల్ వాళ్లు అప్పటికే ప్లెక్సస్ దాకా వెళ్లిపోయారని నాకు తొందర. దారికి అడ్డంగా ఏదో తెల్లటి పోగు కనపడితే కొవ్వులో భాగమే అనుకుని స్కాల్పెల్‌తో కోసేశాను. మేడమ్ వచ్చి ఫోర్సెప్స్‌తో తెగిన రెండు కొసలూ పట్టుకుని చూపించారు. ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరం. ఆవిడ తిట్టలేదు. ఒక దారం తెప్పించి రెండు కొసలూ నాచేతే ముడి వేయించి, "ఈ టేబుల్ మీద ముడి వేయొచ్చు, రేపు పేషంట్‌కి ఇది తెగితే చేతి లోపలివైపు మొద్దుబారుతుంది" అన్నారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీయించుకున్న ఒక పెద్దావిడ ఓపీలో నాతో, "రవిక చెయ్యి తగులుతున్నట్టే తెలియడం లేదమ్మా" అంది. జబ్బ లోపలివైపు చేత్తో రాస్తూ చూపించింది. ఆ చోటు నాకు మొదటి సంవత్సరంలోనే తెలుసు. గడ్డ అక్కడిదాకా పాకితే ఒక్కోసారి ఆ నరాన్ని కాపాడటం కుదరదు, కానీ కుదిరిన ప్రతిసారీ దాన్ని వెతికి పక్కకి జరిపి పని చేస్తాం.

డిసెక్షన్ అంటే కోయడం అని బయటివాళ్లు అనుకుంటారు, నిజానికి కత్తితో పని చర్మం దగ్గరే చాలావరకు అయిపోతుంది. ఆ తర్వాత అంతా విడదీయడమే. కత్తెరను మూసి లోపలికి పంపి లోపల తెరవాలి, అప్పుడు పొరలు వాటంతట అవే దారి ఇస్తాయి, నరాలు తెగవు. సుశ్రుతుడు చెప్పిన పద్ధతి కూడా ఇదే కోవలోది: శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేళ్లతోనో వెంట్రుకలతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం నుంచి ఒక్కో పొరా కళ్లారా చూడమన్నాడు. అది చదివినప్పుడు నాకు ఆ ముడి వేసిన దారమే గుర్తొచ్చింది.

పేర్ల భయం. లాటిన్, గ్రీకు పేర్లు ఇంగ్లీషు మీడియం వాళ్లకి కూడా కొత్తే, ఈ ఒక్క విషయంలో మీరు ఎవరికంటే వెనక లేరు. పైగా మనకి ఒక లాభం ఉంది. ఇంటర్‌లో రత్ని, అరత్ని, భుజాస్థి, జత్రుక అని చదివినవి ఊరికే పోలేదు, రేడియస్, అల్నా, హ్యూమరస్, క్లావికిల్ పక్కన రాసుకోండి, వాటి చుట్టూ మిగతావి కట్టుకోవచ్చు. పెద్ద పేరు చూసి బెదరకుండా ముక్కలు చేయండి. ఫ్లెక్సార్ కార్పై రేడియాలిస్ అంటే వంచేది, మణికట్టుని, రేడియస్ వైపు నుంచి. ఏం చేస్తుంది, దేన్ని చేస్తుంది, ఎటువైపు ఉంది, మూడూ పేరులోనే ఉన్నాయి. తుంటి దగ్గరి ఎసిటాబులమ్ అంటే వెనిగర్ పోసుకునే చిన్న గిన్నె. వెన్నెముక కొసన ఉండే కాక్సిక్స్‌కి కోకిల జాతి పక్షి ముక్కులా ఉందని ఆ పేరు. తొడ మీద అడ్డంగా దిగే సార్టోరియస్‌కి లాటిన్‌లో దర్జీ అని అర్థం, వెనకటి దర్జీలు బాసింపట్టు వేసుకుని కూర్చుని కుట్టేవాళ్లు, కాలు అలా మడవడానికి పనికొచ్చే కండరం అది. మా అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. ఒక రాత్రి ఫోన్లో ఇది చెబితే, "నాకూ ఉంటుందా అది?" అని అడిగింది, నేను ఆ కండరం ఎక్కడ మొదలై మోకాలి కింద ఎక్కడ అతుక్కుంటుందో అరగంట తెలుగులో చెప్పాను. ఆ తర్వాత నుంచి రోజూ రాత్రి ఆ రోజు చూసింది అమ్మకి చెప్పడమే నా రివిజన్. తెలుగులో చెప్పలేకపోతే నాకు అర్థం కానట్టే లెక్క. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాసుకునేదాన్ని, వైవాలో, అంటే నోటి పరీక్షలో అడిగేది అందులోనే కాబట్టి.

మీ ఒంటిని కూడా వాడుకోండి. మోచేయి లోపలివైపు గోడకి తగిలితే చిటికెనవేలు దాకా జివ్వుమంటుంది కదా, అది అల్నార్ నరం, ఎముక వెనకే చర్మం కిందే ఉంటుంది. బొటనవేలు, చిటికెనవేలు కొసలు ఆనించి మణికట్టు కొంచెం వంచితే మధ్యలో ఒక తాడు పైకి లేస్తుంది, అది పాల్మారిస్ లాంగస్. లేవకపోతే గాభరా పడొద్దు, కొందరికి ఆ కండరమే ఉండదు, ఉన్నవాళ్లకి కూడా అవసరమైతే సర్జన్లు దాని తాడుని తీసి వేరేచోట అతికిస్తారు, పెద్ద నష్టం ఉండదు. మా టేబుల్ మీద ఒక చేతికి ఉంది, రెండో చేతికి లేదు. పుస్తకంలో ఉన్నట్టు లేదే అని మీరు హాల్లో అనుకున్న ప్రతిసారీ తప్పు మీది కాకపోవచ్చు. సిటీ బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడినప్పుడు కూడా చేయి పైకి ఎలా లేచిందో అనుకోండి: సుప్రాస్పినాటస్ కండరం మొదలుపెడుతుంది, డెల్టాయిడ్ అందుకుంటుంది, భుజం ఎత్తు దాటాక రెక్క ఎముక తిరగాలి, దాన్ని సెర్రాటస్, ట్రెపీజియస్ తిప్పుతాయి.

మైక్రోస్కోపులో కణజాలం చూసే హిస్టాలజీ, పిండం ఎదుగుదల చెప్పే ఎంబ్రియాలజీ గురించి ఎక్కువ చెప్పను. స్లైడ్‌కి వేసే రంగుల్లో హిమటాక్సిలిన్ ఊదా, ఇయోసిన్ గులాబీ, ఆ రెండు రంగుల పెన్సిళ్లతో స్లైడ్ చూస్తూ రికార్డు మీరే గీయండి, పక్కవాళ్ల రికార్డు చూసి దించొద్దు. పేగులు గర్భంలో 270 డిగ్రీలు తిరగడం నాకు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు, చున్నీ తీసుకుని మంచం మీద తిప్పి చూస్తే ఐదు నిమిషాల్లో అర్థమైంది.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ భయం వెనక ఇదే ఉందేమో అనిపించింది. ఆ టేబుల్ మీద ఉన్నది ఒక మనిషి అన్న ఆలోచన. మా టేబుల్ మీద ఒక ముసలావిడ. పేరు మాకు చెప్పలేదు. తమిళనాడులో 1951 నాటి అనాటమీ చట్టం ప్రకారం ఎవరూ రాని శవాలు కాలేజీలకి వస్తాయి, బతికి ఉండగానే రాసిచ్చిన వాళ్లవీ వస్తాయి, ఆవిడ ఎవరో మాకు తెలియదు. ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది, చుక్కలు కలిపి వేసిన ముగ్గు. మా నాయనమ్మ చేతి మీదా అలాంటిదే. ముంజేయి మొదలుపెట్టిన రోజు చర్మం లేపుతుంటే ఆ ముగ్గు కూడా చర్మంతో పాటే లేచి వచ్చింది, పై చర్మం ఎప్పటికప్పుడు రాలిపోతున్నా రంగు కింది పొర డెర్మిస్‌లో నిలిచిపోతుంది కాబట్టి అన్నేళ్లూ చెదరలేదు. నాకు చేతులు ఆడలేదు. మేడమ్‌ని అడిగి ఆ చర్మం కోసి పారేయకుండా అలాగే మడిచి ఉంచాం, రోజూ పని అయ్యాక దాన్నే మళ్లీ కప్పి పైన తడిగుడ్డ వేసేవాళ్లం. ఎండిపోకుండా ఉండటానికి అందరూ చేసేదే అది, కానీ మాకు అది దుప్పటి కప్పినట్టు ఉండేది. ఏడవాలనిపిస్తే ఏడవండి, ఏమీ అనిపించకపోయినా తప్పు చేసినట్టు బాధపడకండి, రెండూ చూశాను. హాల్లో ఫోన్ మాత్రం బయటికి తీయొద్దు. చెన్నైలోనే పుట్టిన మన తెలుగువారు సీతారాం ఏచూరి 2024లో చనిపోయినప్పుడు ఆయన శరీరాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చింది, నేనూ మా ఇంట్లో ఒప్పించి ఫారం రాసిచ్చాను.

వచ్చే వారం ఆక్సిల్లా తెరిచినప్పుడు తొందరపడకండి. రెండో, మూడో పక్కటెముకల మధ్య నుంచి సన్నటి తెల్లపోగు ఒకటి బయటికొచ్చి, కొవ్వులోంచి చంకని అడ్డంగా దాటి జబ్బ లోపలివైపు వెళ్తుంది. స్కాల్పెల్ పక్కన పెట్టి ముందు దాన్ని వెతకండి. దొరికాక ఇక్కడే కింద రాయండి, ఆ తర్వాత ఏం చూడాలో చెబుతాను.