పాప పారితోషికాన్ని నమ్ముకుని ఈఎంఐలా?

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. మూడేళ్లుగా సీరియళ్లలో నటిస్తూనే చదువులో తరగతికి మొదటి స్థానంలో ఉంటోంది. తనకు తోడుగా వెళ్లడానికి నేను ఉద్యోగం మానేశాను. నా భార్య జీతం ఇంటి ఖర్చులకు సరిపోతుంది. ఫ్లాటుకు గృహరుణం, డౌన్‌పేమెంటుకు వ్యక్తిగత రుణం తీసుకున్నాం. ఇప్పుడు సీరియల్ ముగియబోతోంది. పాప పేరిట ఉన్న డిపాజిట్‌పై అప్పు తెచ్చి ఈఎంఐలు కట్టవచ్చా?

జవాబు: వద్దు. బాలనటుల తల్లిదండ్రులు తరచూ చేసే పొరపాటు ఇదే కనుక మీ లేఖను ఎంచుకున్నాను. కాల్షీట్లు ఉన్నన్నాళ్లే వచ్చే పారితోషికాన్ని నెలజీతంగా లెక్కగట్టి, ఏళ్ల తరబడి సాగే అప్పును దానికి ముడిపెట్టారు. కథ కొన్నేళ్లు ముందుకు జరిగితే చాలు, అదే పాత్రకు మరో నటి వస్తుంది. బాలపాత్రలకు పెద్దగా, నాయిక పాత్రలకు చిన్నగా కనిపించే వయసులో అవకాశాలు తగ్గుతాయి, సరిగ్గా అప్పుడే పదో తరగతి, ఇంటర్ ఎదురవుతాయి. షూటింగుల మధ్య చదువుకుని మొదటి స్థానం నిలుపుకున్న పిల్ల, ఆ ఏడాది నటించాలా వద్దా అన్నది వాయిదా తేదీని చూసి తేల్చుకోవలసిన స్థితి రాకూడదు.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బాలల సంపాదనలో కనీసం 20 శాతాన్ని జాతీయం చేసిన బ్యాంకులో వారి పేరిట నేరుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజరయ్యాక అది వారికి అందాలి. దానిపై బ్యాంకు అప్పిస్తుందా లేదా అన్నది తర్వాతి మాట, మీరు అడగనే కూడదు. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు, అదీ పిల్ల సొమ్మును తాకట్టు పెట్టి తేవడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

మీకు లేనిది అత్యవసర నిధి. నెలజీతం వచ్చే ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు మాత్రం ఈఎంఐలు, స్కూలు ఫీజులు కలుపుకుని కనీసం 12 నెలల ఖర్చు చేతిలో ఉండాలి, ఎందుకంటే ఈ రంగంలో పని ఆగడమే కాదు, చేసిన పనికి డబ్బు రావడమూ ఆలస్యమవుతుంది. ఆ నిధి మీ సంపాదనతోనే పోగవ్వాలి కనుక మీరు వెంటనే ఏదో ఒక ఉద్యోగంలో చేరండి, షూటింగులకు ఇంట్లో పెద్దవాళ్లు వంతులవారీగా తోడు వెళ్లవచ్చు. దంపతులిద్దరి జీతాలతో ఈఎంఐలు గడవకపోతే ఫ్లాటు అమ్మి, గృహరుణం తీరగా మిగిలిన సొమ్ముతో వ్యక్తిగత రుణాన్ని వదిలించుకోండి. వాయిదాలు తప్పాక అమ్మితే ధర విషయంలో బేరమాడే వీలుండదు.

టర్మ్ పాలసీ (జీవిత బీమా) మీ ఇద్దరి పేరిట ఉండాలి, పాపకు అక్కరలేదు. నటనతో వచ్చిన ఆదాయానికి పాప పేరిటే ఆదాయపన్ను రిటర్ను వేయండి, డిపాజిట్ వడ్డీని మాత్రం మీ ఇద్దరిలో ఎక్కువ ఆదాయం ఉన్నవారి రిటర్నులో చూపాలి.