సెకండ్‌హ్యాండ్ కారు: ఆర్సీలో తప్పుంటే ఏం చేయాలి?

ప్రశ్న: 2016 మోడల్ స్విఫ్ట్ బేరం కుదిరింది. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరుకీ, కారు మీదున్న నంబరుకీ ఒక్క అంకె తేడా వచ్చింది. ‘టైపింగ్ తప్పేనండీ, పేరు మార్పిడప్పుడు సరిచేయిద్దాం’ అంటున్నాడు బ్రోకరు. బయానా ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. బ్రోకరు మాట నిజమే కావచ్చు. కానీ తప్పు ఆర్సీలో ఉందా, కారు మీద ఉందా అన్నది ముందు తేలాలి. ఆర్సీలో ఉంటే ఆఫీసులో దిద్దించుకోవచ్చు. కారు మీద ఉంటే దాని జోలికే వెళ్లకూడదు.

ఛాసిస్ నంబరులో అంకెలు, అక్షరాలు కలిపి 17 ఉంటాయి. మొదటి మూడూ కంపెనీ గుర్తు: మారుతీకి ఎంఏ3, హ్యుందాయ్‌కి ఎంఏఎల్, టాటాకు ఎంఏటీ. ఒకటి, సున్నాలతో పొరబడతారని ఇంగ్లిష్ ‘ఐ’, ‘ఓ’, ‘క్యూ’ అక్షరాలు ఇందులో వాడరు. కాబట్టి కారు మీద సున్నా ఉండి ఆర్సీలో ‘ఓ’ పడితే అది టైపింగ్ తప్పే. అలా కాక 3 బదులు 8 ఉన్నా, రెండంకెలు తారుమారైనా కాగితం చూసి చెప్పలేం. రేకు చూడాల్సిందే.

పగటి వెలుతురులో చూడండి. నంబరు ఎక్కడ కొట్టారో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లలో బానెట్ తెరిస్తే ఇంజన్ వెనక గోడ మీదో, ముందు సీటు దగ్గర కార్పెట్ కిందో ఉంటుంది. గుడ్డకు కాస్త కిరోసిన్ అద్ది జిడ్డంతా తుడవండి. పల్చటి తెల్లకాగితం ఆనించి, కదలకుండా టేపు వేసి, పెన్సిల్ వాల్చి పట్టుకుని మెల్లగా రుద్దితే నంబరు తేటగా పడుతుంది. అక్షరాల ఎడం, లోతు అంతా ఒకేలా ఉండాలి, వరుస వంకర పోకూడదు. తేడా వచ్చిన ఆ ఒక్క అంకె దగ్గర వేలితో తడిమి చూడండి. గ్రైండింగ్ గీతలు, వెల్డింగ్ గట్టు ఉంటే కంటికన్నా ముందు వేలికే తెలుస్తాయి. చుట్టూ కొత్త పెయింటు కనిపించినా అనుమానించాల్సిందే.

ఆ ప్రింటును పాత కాగితాల పక్కన పెట్టండి: షోరూం బిల్లు, ఫారం 21 అనే సేల్ సర్టిఫికెట్, కారు రోడ్డెక్కడానికి తగినదని కంపెనీ ఇచ్చే ఫారం 22, మొదటి ఏడాది ఇన్సూరెన్స్ పాలసీ. ఇవన్నీ కారుతో కలిసి, ఆర్సీ ఒక్కటే వేరుగా ఉంటే అది ఆఫీసులో పడ్డ తప్పు. కాగితాలన్నీ ఆర్సీతో కలిసి కారు నంబరే వేరుగా ఉంటే, ధర ఎంత తగ్గించినా వద్దు. జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి ‘వాహన్ సమన్వయ్’లో ఆ రెండు నంబర్లూ వెతికితే, దొంగతనం కేసు నమోదై ఉందేమో తెలుస్తుంది.

ఆఫీసు తప్పే అని తేలిందనుకోండి. దిద్దుబాటు అమ్మేవారి పేరు మీద ఉండగానే జరగాలి. దరఖాస్తు పెట్టాల్సింది రిజిస్టర్డ్ ఓనరు. అసలు బిల్లు, ఫారం 21 కూడా ఆయన చేతిలోనివే. డబ్బంతా ముట్టాక వాటిని వెతికి ఇచ్చే ఓపిక ఎవరికీ ఉండదు. కారు రిజిస్టరైన ఆర్టీఏ ఆఫీసుకు ఒరిజినల్ ఆర్సీ, ఆ కాగితాలు, పెన్సిల్ ప్రింటుతో వెళ్తే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు కారును చూసి నంబరు ధ్రువీకరిస్తారు. ఆన్‌లైన్ రికార్డులో సరిచేసిన నంబరు కనిపించాకే పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు. ఇన్సూరెన్స్ పాలసీలోనూ నంబరు మార్పించండి. ప్రమాదం జరిగాక సర్వేయరు చూసేవాటిలో ఛాసిస్ నంబరు ఒకటి. అక్కడ తేడా వస్తే క్లెయిము ఆగిపోతుంది.

ప్రశ్న: లోను తీరిపోయిందంటున్నారు. ఆర్సీలో మాత్రం బ్యాంకు పేరు ఇంకా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోను తీరినంత మాత్రాన ఆ పేరు దానంతటదే పోదమ్మా. బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 ఆర్టీఏలో ఇస్తేనే తీసేస్తారు. ఎన్ఓసీ మీద గడువు రాసి ఉందేమో చూడండి. దాటిపోయి ఉంటే కొత్తది తెప్పించమనండి. ఒకవేళ లోను ఇంకా మిగిలే ఉంటే, ఆ మేరకు సొమ్ము అమ్మేవారి చేతికి కాక నేరుగా లోను ఖాతాలో కట్టి రసీదు తీసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఏపీ 09 నంబరు కారు చూశాను. విజయవాడ తెచ్చుకుంటాను. ఏపీ నంబరే కాబట్టి ఎన్ఓసీ అక్కర్లేదు కదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కావాలి. ఏపీ 09 ఖైరతాబాద్ కోడ్. 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన ఇలాంటి బండ్ల రికార్డులు ఇప్పుడు తెలంగాణ రవాణా శాఖవి. ఏపీ 28, 29 రంగారెడ్డివి, 36 వరంగల్‌ది. ఇవన్నీ అంతే. ఫారం 28తో అక్కడి ఎన్ఓసీ రావాలి. మరో సంగతి: ప్రైవేటు కారు ఆర్సీ గడువు 15 ఏళ్లు. ఇలాంటి కార్లకు అది దగ్గరపడి ఉంటుంది, కొన్నింటికి దాటిపోయి ఉంటుంది. బేరమాడేముందు ఆర్సీలో గడువు తేదీ చూడండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం ఫారాల మీద సంతకాలు పెట్టి కారు అమ్మేశాను. కొన్నాయన పేరు మార్పించుకోలేదు. చలాన్లు నాకే వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చలాన్లకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాల్సింది అమ్మినవారే. ఆలస్యమైనా ఇప్పుడే అమ్మకం కాగితం, డెలివరీ నోటు, డబ్బు వచ్చిన బ్యాంకు వివరం జతచేసి ఆర్టీఏకు రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి. కొన్నవారికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. బండి ఎక్కడుందో తెలియకపోతే పోలీసు స్టేషన్లోనూ ఫిర్యాదు ఇవ్వండి. ఇన్సూరెన్స్ ఎవరి పేరున ఉంది, అసలు అమల్లో ఉందా అన్నది ఈ రోజే కనుక్కోండి.