పాడైన బానెటే మీ సాక్ష్యం

సందేహం: మాది విజయవాడ. మా తమ్ముడు ముచ్చటపడి కారుకి కార్బన్ ఫైబర్ బానెట్ వేయించుకున్నాడు. వాడు పోయాక ఆ కారు నేనే వాడుతున్నాను. ఎండకు బానెట్ పసుపెక్కి పైపొర లేస్తుంటే హైదరాబాద్‌లో ఒక పెయింటింగ్ షాపుకి ఇచ్చాను. 38 వేలు ఫోన్‌పేలో కట్టాను, బిల్లు ఇవ్వలేదు. మూడు నెలలకే అంచుల దగ్గర తెల్లబడింది. ‘మళ్లీ చేసిస్తాం’ అంటూ 20 నెలలు తిప్పారు. ఇప్పుడేమో అది ఎండ దెబ్బేనట. చెట్టుకొమ్మ పడిందని చెప్పి ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసుకోమంటున్నారు. తమ్ముడి గుర్తు పాడైందన్న బాధతో నిద్ర పట్టడం లేదు. పది లక్షల పరిహారం అడగవచ్చా?

సలహా: మీ కేసులో తేలాల్సింది ఒక్కటే. ఆ తెలుపు ఎండ వల్ల వచ్చిందా, షాపువాళ్లు గీకడం వల్ల వచ్చిందా?

కార్బన్ దారాల నేత మీద రెసిన్ (గట్టిపడే జిగురు), దాని మీద క్లియర్ కోట్ (పారదర్శక పైపూత) ఉంటాయి. ఎండ దెబ్బ ఎండ తగిలే పైభాగమంతా పసుపుగా కనిపిస్తుంది. పాడైన క్లియర్‌ని వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) దించి, నేత తెగకముందే ఆగి, ఎండలోని యూవీ కిరణాలను తట్టుకునే కొత్త క్లియర్ కొట్టడమే అసలు పని. గీకేటప్పుడు ముందుగా అరిగేవి అంచులు, ఉబ్బెత్తు గీతలు. పేపర్ అక్కడ నేతలోకి దిగితే కార్బన్ దారాలు తెగుతాయి, ఏ పాలిష్ పెట్టినా అవి మళ్లీ అతుక్కోవు. కింది పొరను సరిగా సిద్ధం చేయకపోతే కొత్త క్లియర్ పట్టు వదిలి కూడా తెల్లబడుతుంది. రెండూ పనిలో లోపాలే. మీ తెలుపు అంచుల్లోనే ఉందంటే అది మీకు అనుకూలం. అయితే ఆ మాట నిపుణుడి రిపోర్టులో ఉండాలి. అందుకే ఆ బానెట్‌ని ఇంకో షాపులో బాగు చేయించకండి. ఒక్కసారి మళ్లీ గీకితే మీ సాక్ష్యం దుమ్ములో కలిసిపోతుంది.

ఇన్సూరెన్స్ మాట పూర్తిగా మరిచిపోండి. జరగని ప్రమాదం చెప్పి డబ్బు అడగడం మోసం, క్రిమినల్ కేసు అవుతుంది. పైగా కొమ్మ పడిందని మీరే సంతకం పెట్టాక, షాపు పాడుచేసిందని వినియోగదారుల కమిషన్ ముందు ఎలా చెబుతారు? ఆ సలహా ఇచ్చినవాళ్లే రేపు మీ క్లెయిమ్ ఫారం తెచ్చి చూపిస్తారు. విడిగా బిగించిన బానెట్‌ని పాలసీలో చూపి ప్రీమియం కట్టకపోతే అసలు ఆ క్లెయిమే నిలవకపోవచ్చు.

బిల్లు అడగకపోవడం, 20 నెలలు ఫోన్ మాటలు నమ్మి కూర్చోవడం మీ తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లే. వాళ్ల వాయిదాలు, మీరు పంపే లీగల్ నోటీసు ఆ గడువును పెంచవు. తెలుపు కనపడిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. అయినా కారు చేతికొచ్చిన తేదీ నుంచే లెక్క వేసుకోండి. తెల్లబడక ముందు మూడు నెలలు, తిప్పిన 20 నెలలు పోగా మీకు మిగిలింది దాదాపు ఒక్క నెలే.

బిల్లు లేకపోయినా కేసు పోదు. బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజ్‌లు, ఇవ్వకముందు తీసిన ఫొటోలు భద్రం చేయండి. ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ప్రింట్‌లతో పాటు, అవి మీ ఫోన్ నుంచే తీసినవని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయండి.

ఈ వారంలోనే లైసెన్సు ఉన్న మోటార్ సర్వేయర్‌ని, వీలైతే కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాల) పని తెలిసిన నిపుణుడిని కూడా పిలిచి రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. తనిఖీ తేదీ షాపుకి స్పీడ్ పోస్టులో ముందే తెలపండి. వాళ్లు రాకపోతే ఆ సంగతీ మీకు పనికొస్తుంది. తర్వాత 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పందించకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు నివసించే చోట వేసే హక్కు చట్టం ఇచ్చింది కాబట్టి హైదరాబాద్ తిరగక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు.

పది లక్షలు అడిగితే మీ అసలు కేసే పలచబడుతుంది. కట్టిన 38 వేలు, బానెట్ సరిచేయడానికి లేదా మార్చడానికి అయ్యే ఖర్చుకి కొటేషన్, రిపోర్టు ఖర్చు, మనోవేదనకు ఒక మోస్తరు మొత్తం, కేసు ఖర్చులు అడగండి.

ఇంకొకటి. పని చేయించి డబ్బు కట్టింది మీరు కాబట్టి వినియోగదారుడు మీరే. కానీ ఆర్‌సీ ఇంకా తమ్ముడి పేరునే ఉంటే, అవతలి లాయర్ మొదట అడిగేది ఆ కారు ఎవరిదనే. వారసుల అంగీకారంతో ఫారం 31 వేసి ఆర్‌టీఏలో పేరు మార్పించుకోండి. యజమాని చనిపోయాక మూడు నెలల్లో చేయాల్సిన పని అది.