మా ట్యాంకులో మాత్రం కలిసిపోయాయండి

ఆఫ్రికా సరస్సుల్లో దగ్గరి జాతుల సిక్లిడ్ చేపలు పక్కపక్కనే తిరుగుతూ కూడా ఎందుకు సంకరం కావని అడిగారు. నన్నడిగితే అంతా ఆడచేప కళ్ళలోనే ఉంది. అవి పనిచెయ్యాలంటే నీళ్ళు తేటగా ఉండాలి, అంతే.

మాది పాలకొల్లు. నాలుగేళ్ళ క్రితం అక్వేరియం పిచ్చి పట్టి ఎల్లో ల్యాబ్ ఆడచేపలు రెండు, రెడ్ జీబ్రా మగది ఒకటి తెచ్చాను. రెండూ మలావీ సరస్సు జాతులే. "ఆయ్, వేరే జాతులు కలవవండి, భయం లేదు" అన్నాడు షాపతను. మా బోరు నీళ్ళతో టీ పెడితే నోట పెట్టలేం గానీ, ఆ ఉప్పదనం వీటికి భలే పడింది.

రెండు నెలలకి ఒక ఎల్లో ల్యాబ్ చేప మేత మానేసింది. దవడ ఉబ్బింది. మా అమ్మ చూసి "ఒరే, దీనికి గవదబిళ్ళలు వచ్చాయిరా" అంది. తీరా చూస్తే నోటినిండా గుడ్లు! ఈ తల్లులు గుడ్లను నోట్లోనే పెట్టుకుని దాదాపు మూడు వారాలు పస్తుంటాయి. పిల్లలు పెరిగాక చూడాలి వాటి రంగు: తల్లి పసుపూ కాదు, తండ్రి నారింజా కాదు, నీళ్ళు ఎక్కువైన పప్పుచారు. షాపుకి తిరిగిస్తే ఆ పెద్దమనిషే 'మిక్స్‌డ్ ఆఫ్రికన్' అని పేరుపెట్టి అమ్ముకున్నాడు.

మరి కలవవన్నవి ఎందుకు కలిశాయి? సొంత జాతి మగచేప లేదు కాబట్టి. సరస్సులో అయితే బోలెడంత ఎంపిక. విక్టోరియా సరస్సులో పుండమిలియా అని రెండు జాతులున్నాయి. ఒకదాని మగది నీలం, లోతు తక్కువ నీళ్ళలో ఉంటుంది; రెండోదాని మగది ఎరుపు, కాస్త లోతున ఉంటుంది. ఆడవి మాత్రం చూడ్డానికి ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. వీటిని కలిపితే పుట్టే పిల్లలు గొడ్డుపోవు కూడా, అంటే అడ్డు ఒంట్లో లేదు, ఎంపికలో ఉంది. ఓలె సీహౌజెన్ అనే జీవశాస్త్రవేత్త బృందం ప్రయోగశాలలో రంగు తేడా తెలియని నారింజ వెలుతురు పెడితే ఆడచేపలు ఏ మగదాన్నైనా ఒప్పుకున్నాయి. సరస్సులో నీళ్ళు మురికైన చోట రంగులు వెలిసి జాతులు తగ్గిపోతున్నాయని 1997లోనే రాశారు. వాసన, చప్పుడు కూడా చూసుకుంటాయంటారు గానీ నా ఓటు రంగుకే.

మన తిలాపియా కూడా సిక్లిడే, 1952లో ఆఫ్రికా రకాన్ని మన దేశానికి తెచ్చారు. వేర్వేరు తిలాపియా జాతులు ఇట్టే కలిసిపోతాయి. కలవక ఏం చేస్తాయి? చెరువుల నీళ్ళన్నీ కాలవలోకే వదిలేస్తుంటే, మా వీధి చివర రేవులో మోకాలి లోతున పాదం కనబడదు.

అన్నట్టు, పప్పుచారు పిల్లల్లో ఒకదాన్ని షాపతను తీసుకోలేదు, తోక వంకరట. అది ఇంకా మా ఇంట్లోనే ఉంది, అమ్మ చేతి మేత తప్ప ముట్టదు.