బీచ్‌లో అలల అంచున పరిగెత్తే చిన్న పిట్టల్ని దగ్గరగా ఫోటో తీయాలంటే ఎంత పెద్ద లెన్స్ కొనాలి?

చేతిలో 300 ఎంఎం లెన్స్ ఉంది, ఫోటోలో పిట్ట ఆవగింజంత పడుతోంది, 600కి వెళ్లాలా అని కదా మీరు అడిగింది. నేను వెళ్లినవాణ్ణే. వెళ్లాక ఆవగింజ శనగగింజ అయింది. అంతకుముందు చిన్న తోకలు వచ్చేవి, ఆ తర్వాత పెద్ద తోకలు వచ్చాయి.

తోకలని ఎందుకంటున్నానంటే, అప్పట్లో గుంపు కనబడగానే దానివైపు నడవడమే నా పద్ధతి. ఈ పిట్టలు వెంటనే ఎగిరిపోవు, అదే చిక్కు. మనం పది అడుగులు వేస్తే అవి పన్నెండు వేస్తాయి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పొద్దున్నంతా తీరం వెంట నడిచేవాణ్ణి. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే మూడొందల ఫోటోలు, మూడొందల వెనక భాగాలు. పైగా నిలబడి తీసినవి కాబట్టి పిట్ట వెనకాల ఇసుక, ఇసుక, మళ్లీ ఇసుక.

నాకు బుద్ధి వచ్చింది ఒక స్క్రూ వల్ల. చలికాలం, పొద్దున్నే. ట్రైపాడ్ ప్లేటు స్క్రూ ఊడి ఇసుకలో పడిపోయింది. కెమెరా పక్కన సంచి మీద పెట్టి, బోర్లా పడుకుని, వేళ్లతో ఇసుక జల్లిస్తున్నాను. ఎంతసేపు గడిచిందో తెలీదు, తలెత్తేసరికి ఒక డజను శాండర్లింగ్‌లు, అదే మీరడిగిన ఆ చిన్న పిట్టలు, అల అంచు పట్టుకుని నావైపే వస్తున్నాయి. సముద్రం పోటు మీద ఉంది. నీళ్లు పైకి వస్తున్నకొద్దీ వాటికి తిండి దొరికే తడి ఇసుక కూడా పైకి జరుగుతోంది, దానితోపాటు అవీ. నేను వాటి దగ్గరికి పోలేదు, సముద్రమే వాటిని తోసుకొచ్చింది.

పాక్కుంటూ కెమెరా అందుకున్నాను. మొదటి పది ఫోటోలు నా జన్మలో తీసిన ఫోటోలన్నిటికంటే బాగా వచ్చాయి. పిట్ట కంటి ఎత్తులో నా కన్ను, వెనకాల అల మొత్తం మెత్తటి నీలం. తర్వాత అవి ఇంకా దగ్గరికొచ్చాయి. ఇంకా. అప్పుడు నా 600 ముందుకీ వెనక్కీ తిరిగి ఊరుకుంది, ఫోకస్ పట్టదు. నాలుగున్నర మీటర్ల లోపలున్నది దానికి కనబడదు. ఇన్నేళ్లూ పిట్ట దూరంగా ఉందని ఏడ్చినవాణ్ణి, ఆ రోజు మరీ దగ్గరగా ఉందని ఏడవాల్సి వచ్చింది.

కెమెరా దించి ఊరికే చూశాను. ఒకటి నా మోచేతికి రెండు బారల దూరంలో ఆగి, ముక్కు ఇసుకలోకి దించి టకటకా పొడుచుకుంటూ పోయింది. వెనక ఇసుకలో కుట్టుమిషన్ కుట్టినట్టు చిల్లుల వరస. పక్కనే కాలి గుర్తులు, అన్నిటికీ ముందువైపు మూడేసి వేళ్లే. చాలా పిట్టలకుండే వెనక వేలు శాండర్లింగ్‌కి ఉండదు. ఈ సంగతి పుస్తకంలో చదివాను గానీ, ఇసుక మీద చూసేదాకా నమ్మినట్టు కాదు. ఇంకొకటి ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తోంది. అల వస్తే ఆ ఒంటికాలితోనే గెంతుకుంటూ పక్కకి జరిగింది. రెండో కాలు దించడానికి బద్ధకం.

ఇంతలో ఒకతను పెద్ద కెమెరాతో వచ్చి, నన్ను దాటుకుని, చేతులు ఊపుతూ గుంపులోకి పరిగెత్తాడు. అన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తిరిగొచ్చి స్క్రీన్ చూపించి, "ఫ్లైట్ షాట్ అన్నా" అన్నాడు. చూశాను. పన్నెండు తోకలు.

పరిగెత్తించి తీసిన ఫోటోని నేను చూడగానే పోల్చేస్తాను, ఎవరైనా పోల్చొచ్చు. పిట్టలన్నీ కెమెరాకి వీపు చూపిస్తాయి. తమంతట తాము లేచిన గుంపు అలా ఉండదు, గాలికి ఎదురు లేచి ఒక్క మలుపు తిరిగి మీ ముందు నుంచే పోతుంది. అందుకని గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు ఉండేలా పడుకోవాలి. ఈ ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఎగరగొడితే దానికేం నష్టం, రెక్కలున్నది ఎగరడానికే కదా అనేవాళ్లుంటారు. వాళ్లతో నాకు పడదు. శాండర్లింగ్ గట్టిగా తూచినా వంద గ్రాములుండదు, అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువం చుట్టుపక్కల. అక్కణ్ణుంచి వచ్చి, తిరిగి అక్కడికే పోవాలి. దీని బంధువు బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ సంగతి వినే ఉంటారు. 2022 అక్టోబరులో అయిదు నెలల పిల్ల ఒకటి అలాస్కాలో బయల్దేరి, ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా చేరింది. దానికి తగిలించిన ట్రాన్స్‌మిటర్ లెక్క ప్రకారం 13,560 కిలోమీటర్లు. తిండి లేదు, నీళ్లు లేవు, ముందే తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే ఇంధనం. బరువు తగ్గాలని బయల్దేరే ముందు ఈ జాతి తన జీర్ణావయవాల్ని కూడా కుదించుకుంటుంది. ఇంత లెక్కగా బతికే ప్రాణిని పట్టుకుని, నిండు పోటు వేళ పొడి ఇసుక మీద విశ్రాంతి తీసుకుంటుంటే లేపి తరమడమేంటి? లేపిన ప్రతిసారీ ఖర్చయ్యేది ఆ కొవ్వే.

నేను మాత్రం సుద్దపూసనా అంటే కాదు. ఒకసారి ఓ ప్లోవర్, ఇదీ తీరపు పిట్టే, నా ముందు రెక్క ఈడ్చుకుంటూ కుంటింది. అయ్యో దెబ్బ తగిలిందనుకుని వెంటపడి, రకరకాల యాంగిల్స్‌లో తీసి, 'గాయపడ్డ అతిథి' అని పేరు కూడా పెట్టి నెట్లో పెట్టాను. అది నటన అనీ, గుడ్ల దగ్గర్నుంచి నన్ను దూరంగా లాక్కుపోతోందనీ ఒకాయన కింద రాశాడు. అవి ఒట్టి ఇసుక మీద చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్లు కూడా ఇసుక రంగే, తొక్కేదాకా కనబడవు. ఆ ఫోటో తీసేశాను. పిట్ట కుంటితే వచ్చిన దారినే జాగ్రత్తగా వెనక్కి వెళ్లిపోండి.

మీ లెన్స్ గొడవకొస్తే, నేనూ ఒకప్పుడు ఫోటోలు మసకగా వస్తున్నాయని లెన్స్‌ని సర్వీసుకిచ్చాను. ఏ లోపమూ లేదని తిరిగిచ్చారు, బిల్లు మాత్రం ఉంది. అసలు దోషి ఎండ. ఇసుక వేడెక్కాక పైన గాలి మరిగినట్టు ఊగుతుంది, దాని గుండా ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా ఈక ఈకగా రాదు. పొద్దు బాగా ఎక్కాక కెమెరా సంచిలో పెట్టేయడమే. ఇంకోటి, తెల్లటి ఇసుక ఫ్రేమంతా ఉంటే కెమెరా కంగారుపడి ఫోటోని చీకటి చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాస్త ప్లస్‌లో పెట్టాలి. అదే పిట్ట నల్లటి తడి ఇసుక ముందుకొస్తే రివర్స్, పొట్ట కింది తెలుపు కాలిపోతుంది. షట్టర్ వేగం సెకనులో రెండువేలో వంతు (1/2000) కంటే నెమ్మదిగా పెడితే ఆ కాళ్లు మీకు దక్కవు, అవి కాళ్లు కావు, చక్రాలు. కాళ్లకి పరిశోధకులు తగిలించిన రంగు ప్లాస్టిక్ జెండా ఉంటే మాత్రం పిట్టనొదిలి కాళ్లనే తీయండి. ఆ రంగుల్ని బట్టి ఎక్కడ తగిలించారో తెలుస్తుంది, మీద అక్షరాలుంటే ఆ ఒక్క పిట్ట చరిత్రంతా బయటికొస్తుంది.

గుర్తుపట్టడం గురించి నన్నడక్కండి. చలికాలంలో సగం జాతులు బూడిద రంగు చొక్కా తొడుక్కుంటాయి, పుస్తకం అట్ట మీదేమో ఎర్రగా మెరిసిపోతున్న వేసవి బొమ్మ వేస్తారు.

కాబట్టి ముందు ఆటుపోట్ల టైము చూడండి. నిండు పోటుకి రెండు గంటల ముందే వెళ్లి, అల అంచుకి కాస్త పైన బోర్లా పడుకుని కదలకుండా ఉండండి. మోచేతులు తడుస్తాయి, జూమ్ రింగులో ఇసుక కరకరలాడుతుంది, దారినపోయేవాళ్లు మీకేమైనా అయిందా అని అడుగుతారు. నన్ను ఇద్దరు అడిగారు.

ఆ 300 అమ్మకండి. దాని మీద రాసుంటుంది చూడండి, ఎంత దగ్గరి నుంచి ఫోకస్ పడుతుందో. చాలావాటికి మీటరున్నరే. ఆ పొద్దున నా చేతిలో ఉండాల్సింది అదే. స్క్రూ మాత్రం దొరకలేదు.