తోట అమ్మకముందు: పైలట్ కావాలనుకుంటున్న తమ్ముడి కూతురికి

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్ను పైలట్ చదువుకు పంపాలనుకుంటున్నాననీ, అందుకోసం కొబ్బరితోట బేరం పెట్టాననీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. పైలట్లు చాలక దేశంలో విమానాలు ఆగిపోయాయని టీవీలో చూశాడట. ఇంతకంటే మంచి అదను మళ్ళీ రాదంటున్నాడు. నువ్వు ఈ వృత్తి కోరుకోవడం నాకు చెప్పలేనంత సంతోషం. పైలట్లకు డ్యూటీలు వేసే విభాగంలోనే నా ఉద్యోగజీవితం గడిచింది కాబట్టి, ఆ కొరత ఎక్కడ ఉందో, అందులో నీకు పనికొచ్చేది ఎంతో ముందు చెబుతాను. డబ్బు సంగతి తరువాత మాట్లాడుకుందాం.

అప్పట్లో రోజుకు సుమారు 2,200 విమాన సర్వీసులు నడిపిన ఇండిగో, 2025 డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దు చేసింది. పైలట్ల విశ్రాంతిపై పౌరవిమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన కొత్త నిబంధనలకు తగినట్టు రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, సర్దుకోలేకపోవడం అందుకు ముఖ్యకారణం. ఆ నిబంధనలు హఠాత్తుగా వచ్చినవి కావు. 2024 జనవరిలోనే ప్రకటించారు. వారానికి ఇవ్వాల్సిన విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. రాత్రివేళ అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 5 వరకు అన్న లెక్కను 6 వరకు పొడిగించారు. రాత్రి డ్యూటీలో ఆరుసార్ల వరకు విమానం దింపనిచ్చే చోట రెండుసార్లే అన్నారు. విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక 2025 జూలైలో కొన్ని, నవంబరులో మిగిలినవి అమలులోకి వచ్చాయి. నిబంధనల వల్ల ప్రయాణికులు అవస్థపడ్డారంటే నేను ఒప్పుకోను. నిద్ర తీరని మనిషి చేతికి నూట ఎనభై మందిని అప్పగించకూడదు. సరిపడా మనుషులను ముందే సమకూర్చుకోకపోవడం వల్లనే ఆ అవస్థ.

సరిపడా అంటే ఎందరో లెక్క వేసి చూపిస్తాను, ఇది నీకు జీవితాంతం పనికొస్తుంది. ఒక ఎయిర్‌బస్ 320 రోజుకు 12 గంటలు గాలిలో ఉంటుందనుకో. ఏడాదికి 4,380 గంటలు. ఒక పైలట్ ఏడాదిలో 1,000 గంటలకు మించి విమానం నడపకూడదు. అంటే కాగితం మీద ఒక్క విమానానికి ఐదుగురు కెప్టెన్లు, ఐదుగురు ఫస్ట్ ఆఫీసర్లు, అంటే సహపైలట్లు, కావాలి. కాని మనుషులకు సెలవులు ఉంటాయి, సిమ్యులేటర్‌లో, అంటే విమానం నడిపినట్టే ఉండే నమూనా యంత్రంలో, ఏటా పరీక్షలుంటాయి, వైద్యపరీక్షలుంటాయి. ఎవరికైనా జ్వరమొస్తే పిలవడానికి ఇంకొకరిని స్టాండ్‌బైగా ఇంట్లో కూర్చోబెట్టాలి. విశాఖలో డ్యూటీ ఎక్కాల్సిన మనిషిని హైదరాబాద్ నుంచి ప్రయాణికుడిగా తీసుకురావాలి. ఇవన్నీ పోగా ఎవరూ ఆ వెయ్యి గంటల దరిదాపులకు రారు. ఆరేడు జతలు లేనిదే ఒక విమానానికి రోస్టర్ నిలవదు. ఆ జతల్లో ఒక్క కెప్టెన్ తగ్గినా పక్కన ఫస్ట్ ఆఫీసర్లు ఎందరున్నా విమానం కదలదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. కరవు ఎక్కువగా ఎడమ సీటులో, అంటే కెప్టెన్ సీటులో. ఆ సీటుకు కావలసిన పెద్ద లైసెన్సుకు 1,500 గంటల అనుభవం ఉండాలి, ఆపైన సంస్థ ఇచ్చే కమాండ్ శిక్షణ నెగ్గాలి. డబ్బు పోసి రాత్రికి రాత్రి కెప్టెన్లను తయారుచేయలేరు. పక్క సంస్థ నుంచి తెచ్చుకుందామన్నా, 2017 నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, ఫస్ట్ ఆఫీసర్ ఆరునెలల ముందు నోటీసు ఇవ్వాలి. 200 గంటలతో కమర్షియల్ లైసెన్సు చేతబట్టుకుని కుడి సీటు, అంటే ఫస్ట్ ఆఫీసర్ సీటు, కోసం ఎదురుచూస్తున్న పిల్లలు మాత్రం దేశంలో చాలామంది ఉన్నారు. నువ్వు చదువు ముగించి నిలబడేది ఆ వరుసలో. టీవీలో చెప్పిన కొరత తీర్చే వంతు నీకు రావడానికి కొన్నేళ్ళు పట్టవచ్చు.

కిందటి సంవత్సరాలు కూడా చూడు. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానసంస్థ ఆగింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. 2020లో కరోనా వచ్చి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానమే ఎగరలేదు. 2023 మేలో గో ఫస్ట్ మూతపడింది. ప్రతిసారీ వేల గంటల అనుభవమున్నవారు వీధిన పడ్డారు, వారు మళ్ళీ ఉద్యోగాల్లో కుదురుకునేదాకా కొత్తవారికి తలుపు తెరుచుకోలేదు. అదే 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. అవి ఏళ్ళ మీద ఒక్కొక్కటిగా వస్తాయి కాబట్టి మున్ముందు ఉద్యోగాలు ఉంటాయన్నది నిజం. నా భయమల్లా అందరూ ఒకేసారి దిగడం గురించే. రొయ్యకు ధర పలికిన ఏడాది మన దగ్గర చేలన్నీ చెరువులైపోతాయి, అందరి పట్టుబడీ ఒకే నెలలో వచ్చేసరికి ధర కూలిపోతుంది. పైలట్ చదువుకు రెండు మూడేళ్ళు పడుతుంది. ఇవాళ వార్త చూసి చేరినవాళ్ళందరూ ఒకే సంవత్సరంలో బయటికొస్తారు.

అందుకని నువ్వు వేసే ప్రతి అడుగూ, అక్కడ ఆగిపోయినా ఇల్లు మునగని విధంగా ఉండాలి.

అన్నిటికంటే ముందు వైద్యపరీక్ష. ఏ శిక్షణ సంస్థకూ ఒక్క రూపాయి కట్టకముందే హైదరాబాద్ వెళ్ళి డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 అనే మొదటి వైద్యపరీక్ష చేయించుకో. అది నెగ్గాక ఇంకా కఠినమైన క్లాస్ 1. కమర్షియల్ లైసెన్సుకు క్లాస్ 1 తప్పనిసరి. రంగులు గుర్తించడంలో లోపమో, గుండె పరీక్షలో ఏదైనా అనుమానమో ఉంటే అది మొదటి నెలలోనే తెలియాలి. ఫీజంతా కట్టాక క్లాస్ 1లో ఆగిపోయిన పిల్లల తండ్రులు మా ఆఫీసుకు వచ్చి ఏదైనా దారి చూపమని అడిగేవారు. చూపడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ ముఖాలు నాకింకా గుర్తున్నాయి. కళ్ళద్దాలున్నంత మాత్రాన భయపడనక్కరలేదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు.

తరువాత రాతపరీక్షలు. నావిగేషన్, వాతావరణశాస్త్రం, విమానయాన నిబంధనలు, సాంకేతిక విషయాలు. ప్రతి దానిలో నూటికి 70 రావాలి. ఇవి ఇంట్లో కూర్చుని చదివి రాయగలిగినవి. నీది ఎంపీసీ కాబట్టి పునాది ఉంది. విమానం ఎక్కకముందే వీలైనన్ని పూర్తిచెయ్యి. వీటికయ్యే ఖర్చు తక్కువ, నీకు ఈ చదువు సరిపడుతుందో లేదో తేల్చేది మాత్రం ఇవే. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రప్రభుత్వ ఉడాన్ అకాడమీ ఉంది. దాని ప్రవేశపరీక్ష తప్పకుండా రాయి.

శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు రంగుల పుస్తకం చూడవద్దు. అక్కడికి వెళ్ళి, గేటు బయట టీ తాగుతున్న విద్యార్థులను అడుగు. కిందటి నెలలో నువ్వు ఎన్ని గంటలు ఎగిరావు? ఎగరగలిగిన స్థితిలో ఎన్ని విమానాలున్నాయి? వాటికి ఎందరు విద్యార్థులు? నేర్పేవాళ్ళు నిలకడగా ఉంటున్నారా? లైసెన్సుకు 200 గంటలు కావాలి, అందులో వంద గంటలు నువ్వే పైలట్‌గా నడపాలి. ఏడాదిన్నరలో అయిపోతుందన్నది మూడేళ్ళు సాగితే హాస్టలు ఖర్చే మోయలేని భారమవుతుంది. డీజీసీఏ 2025 నుంచి ఈ సంస్థలకు శ్రేణులు ఇస్తోంది, అవీ చూడు. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే లేచి వచ్చెయ్యి. ఎగిరిన గంటలకు తగ్గట్టు వాయిదాలలో కట్టించుకునేవారి దగ్గరే చేరు.

ఉద్యోగం ఇప్పిస్తామనే మధ్యవర్తుల గురించి మీకు వేరే చెప్పాలా? గల్ఫ్ వీసాల పేరుతో మోసపోయిన ఇళ్ళు కోనసీమలో ఎన్ని లేవు! విమానయాన సంస్థలో సీటు అమ్మగలిగిన మనిషి ఎవరూ లేరు.

లైసెన్సు వచ్చాక టైప్ రేటింగ్ అనే ఇంకో మెట్టు ఉంది, ఎయిర్‌బస్ 320 లాంటి ఒక రకం విమానానికి ప్రత్యేక శిక్షణ. దానికి లక్షల్లో అవుతుంది. ఏదో ఒక సంస్థ ఎంపికలో నెగ్గి, ఫలానా విమానానికి రమ్మన్న తరువాతే దాని మీద డబ్బు పెట్టు. ముందే కొని ఇంట్లో కూర్చుంటే, చేతిలో అలవాటు తప్పి మళ్ళీ సిమ్యులేటర్‌కు కట్టాల్సి వస్తుంది. ఎదురుచూసే రోజుల్లో లైసెన్సును చెల్లుబాటులో ఉంచుకోవడానికి కూడా ఖర్చవుతుంది, అందుకు కొంత సొమ్ము వేరుగా ఉంచుకో. దూరవిద్యలో డిగ్రీ కూడా చెయ్యి. వైద్యకారణాల వల్ల పైలట్ ఉద్యోగం ఏ వయసులోనైనా ఆగిపోవచ్చు, అందుకని రెండో ఆధారం ఉండాలి.

ఇక తోట. ఈ చదువు మొత్తానికి అరకోటి దాటుతుంది, టైప్ రేటింగ్ కూడా కలిస్తే ఇంకా పైకి పోతుంది. ఆ తోట 1996 నవంబరు తుపానులో కూలిపోయాక మీ తాతగారు మళ్ళీ నాటించినది. అది మీ తమ్ముడి చదువుకూ, మీ అమ్మానాన్నల ముసలితనానికీ కూడా ఆధారం. సగానికి మించి అమ్మనివ్వను. ఆ సగమైనా నీ క్లాస్ 1 వచ్చి, కనీసం మూడు పరీక్షలు నెగ్గాకే. మిగిలినదానికి బ్యాంకు విద్యారుణం చూద్దాం, నేనూ ఒక చెయ్యి వేస్తాను. బేరగాడి దగ్గర బయానా తీసుకోవద్దని మీ నాన్నకు నేనే చెబుతాను.

ఆడపిల్లకు ఈ ఉద్యోగమేమిటని మీ అత్తయ్య అన్నదట. మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం మహిళలే, ప్రపంచ సగటుకు రెండు రెట్లకు పైగా. ఆ మాట అక్కడితో వదిలెయ్యి.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. పరీక్షలు రాయాలంటే డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబరు అనే అభ్యర్థి గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, అందుకు నీ ఇంటర్ సర్టిఫికెట్‌ను బోర్డు ద్వారా సరిచూస్తారు. మన పిల్లలకు ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకొకదానిలో పొడి అక్షరమే ఉంటుంది. పదో తరగతి, ఇంటర్, ఆధార్, పాస్‌పోర్టు నాలుగూ ముందు పెట్టుకుని పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడు. తేడా ఉంటే ముందు ఆధార్ దిద్దించుకుని, ఆ తరువాతే పాస్‌పోర్టుకు వెళ్ళు. నాలుగింటి ఫొటోలు నాకు పంపించు.

పెదనాన్న